పరాయి బావమరిది

దర్జీలను దేశాల మధ్య మార్పిడి చేసే పథకానికి సర్కారు సొమ్మిచ్చే ఆఫీసది. బట్టల దుకాణదారు వచ్చి గుమాస్తా ఎదుట కూలబడ్డాడు.

"విదేశం పంపిన మా బావమరిది రేపు వచ్చేస్తున్నాడట. ఆపండి బాబూ!"

"గడువు అయిపోయిందండీ. ఇక్కడికొచ్చిన ఆ దేశం దర్జీ వెళ్ళిపోవాలిగా?"

"ఆయన చెప్పిన రోజుకే చొక్కా ఇస్తాడు. మావాడు కొలతలు తీసుకుని నిద్రపోతాడు. అయినా మార్చిన సరుకు వాపసు తీసుకోబడదని మా దుకాణంలో బోర్డే ఉంది."

"అక్కడి యజమాని కూడా అదే అంటున్నాడు. మీవాడు బంగారమట."

"మావాడా! మరి వాళ్ళ దర్జీని ఎందుకు వదులుకున్నాడు?"

"ఆయనకి బావమరిదట. అక్కడ సూదిలో దారం కూడా ఎక్కించేవాడు కాదట."

"అయితే ఇద్దరికీ లాభమే. గడువు పెంచండి!"

"పెంచుతాను. మీవాడి అక్కగారు, అంటే మీ ఆవిడ, ఒప్పుకున్నట్టు సంతకం తెండి."

"...బాబూ, రేపు విమానం ఎన్నింటికి దిగుతుంది?"