కాటాలు బాగుచేసేవాళ్ళ ఇంట్లో జ్వరం

ముందు గదిలో కాటాలు బాగుచేసే ఆయన పనిలో ఉన్నాడు. లోపల మంచం మీద ఆయన భార్య, పక్కనే ఆయన చెల్లెలు. ఎల్లుండి భార్యకు ఆఖరి కీమో.

“ఈ థర్మామీటరు మీద నాకు పెళ్ళయిన ఏడాది నుంచీ అనుమానమే. అది చెప్పింది నమ్మకు.”

“నమ్మకపోతే తగ్గుతుందా వదినా? మళ్ళీ పెట్టినా నూట ఒకటే.”

“అదే చెప్తున్నా. ఎప్పుడు పెట్టినా ఒకే మాట. మొండిది.”

“మొండిది ఎవరో చూస్తూనే ఉన్నా. లే. జ్వరమొస్తే వెంటనే తీసుకురండి, పొద్దున చూద్దాంలే అనుకోవద్దు అని డాక్టరమ్మ చెప్పలా? తెల్లకణాలు పడిపోయి ఉన్నాయి, చిన్న ఇన్ఫెక్షనొచ్చినా ఒళ్ళు తట్టుకోలేదంది.”

“తట్టుకుంటోందిగా. నీతో వాదిస్తోందిగా.”

“వదినా.”

“వెళ్తే ఏం చేస్తారో నాకు తెలీదా? మంచమెక్కిస్తారు, నరంలోకి యాంటీబయాటిక్ పెడతారు, ఎల్లుండి కీమో వాయిదా వేస్తారు. ఆఖరిది పిల్లా. ఆఖరిది. జుట్టొస్తుందని దువ్వెన కూడా కడిగి పెట్టుకున్నా.”

“దువ్వెన ఎక్కడికీ పారిపోదు.”

“పోయినసారి యాంటీబయాటిక్ మాత్రలు మిగిలాయిగా, డబ్బాలో. అవో రెండు వేసుకుంటే—”

“నిన్ననే మందుల షాపులో ఇచ్చేశా.”

“నన్నడక్కుండానా?”

“అడిగితే ఇస్తావా? అసలవి మిగలకూడదు, అన్నీ వాడెయ్యాలి. రక్తం పరీక్ష చెయ్యకుండా ఏదో ఒక మాత్ర మింగితే లోపలున్న క్రిమి నవ్వుకుంటుందట.”

“డాక్టరమ్మ అలా అందా?”

“నవ్వుకుంటుందని నేనన్నా. మిగతాదంతా ఆవిడే.”

“రోజూ దణ్ణం పెట్టుకుంటున్నానే. ఎల్లుండి సంగతి దేవుడికి తెలీదంటావా?”

“తెలుసు కాబట్టే నూట ఒకటి దగ్గర ఆపాడు.”

“నవ్వించకు. నవ్వితే దగ్గొస్తుంది.”

“దగ్గు కూడా ఉందా?”

“లేదు. నవ్వుంది.”

“అన్నయ్యని పిలుస్తానుండు.”

“ఆగు, ఆగు. కాటా చెడిందో లేదో మీ అన్నయ్య ఎలా చూస్తారు?”

“తెలిసిన రాయి పెట్టి చూస్తాడు. కిలో రాయి పెడితే కిలో చూపించాలి.”

“మరి దీనికి తెలిసిన రాయి ఎవరు పెట్టారు? ఇంద, నీ చంకలో పెట్టుకో. రాయిలా ఉన్నావుగా.”

“నేనా?”

“పొగిడానే. పెట్టుకో. నీకు మామూలుగా చూపిస్తే నోరు మూసుకుని బండెక్కుతా.”

“మాట తప్పకూడదు మరి. అయితే తుడవనీ.”

“తుడిచింది చాలు, అరిగిపోతుంది. కదలకు... కుయ్యిమంది. ఎంత?”

“ఉండు... నూట ఒకటి.”

“ఏదీ, చూడనీ. నూట ఒకటి. అమ్మ నా తల్లీ, నూట ఒకటి.”

“వదినా, మంచం మీద ఎగరకు, పడతావు.”

“చెప్పానా, చెడిపోయిందని? దీని మాట పట్టుకుని నన్ను ఆసుపత్రికి మోసుకుపోయేదానివి.”

“నాకు నవ్వాగట్లేదు వదినా. తుడిచి తుడిచి మరీ పెట్టాను దాన్ని.”

“ఏంటా ఇకఇకలు? ముందు గదిలో నన్ను పని చేసుకోనిస్తారా?”

“ఏవండీ, రండి. మీ థర్మామీటరుకి మీ వైద్యమే చేశాం. తెలిసిన రాయి పెట్టి చూశాం.”

“ఏ రాయి?”

“మీ చెల్లెలు.”

“ఆ రాయి సరైనదని ఎవరు చెప్పారు? రెండో రాయి పెట్టి చూడకుండా కాటాని తిట్టకూడదు. ఇటివ్వు.”

“చూడవే, మీ అన్నయ్య చొక్కా గుండీ విప్పి ఎంత శ్రద్ధగా పెట్టుకున్నారో.”

“నవ్వకండి. కుయ్యిమంది.”

“ఎంతన్నయ్యా?”

“తొంభై ఎనిమిది.”

“నీకా?”

“నాకే. బండి తీస్తున్నా. మీ వదిన చెప్పులు తే... వద్దు, నువ్వేదీ ముట్టుకోకు. మాస్కు పెట్టుకుని ముందు సీట్లో కూర్చో.”

“నేనెందుకన్నయ్యా? నాకేం లేదు. నిన్నటి నుంచీ కాస్త చలేస్తోంది, అంతే.”