కార్డుల వెనుక రాతలు

1971 మార్చి 8వ తేదీన అరెకీపా మనోవైద్యశాలలో దోన్యా ఎవుదోసియా సెగార్రా గారు రికార్డుల గుమాస్తాగా చేరారు. అప్పటికి నేను ఉన్ని వ్యాపారం మానుకుని ఇక్కడి సామాన్ల గదికి అధికారిగా వచ్చి ఏడాది. చేత్తో తడిమి ఉన్నిని ఏడు రకాలుగా విడదీసిన అనుభవం నాది.

ఆ రోజుల్లో ఉన్నట్టుండి గుండె దడ వచ్చేవారికీ, బస్సు ఎక్కలేనివారికీ, రోజంతా దిగులుపడేవారికీ వైద్యులు నరాల జబ్బు అని ఒకే పేరు రాసేవారు. ఎవరూ అడగకపోయినా ఎవుదోసియా గారు ప్రతి కార్డు వెనుక రోగి మాటలను ఉన్నదున్నట్టు రాసిపెట్టేవారు.

1984లో మా ఆసుపత్రికి కొత్త వర్గీకరణ వచ్చింది. హఠాత్తుగా ముంచుకొచ్చే భయం వేరు, ఎడతెగని దిగులు వేరు, ఏదో ఒక్కదానికే బెదరడం వేరు, వాటి చికిత్సలూ వేరు. పాత రోగులను మళ్లీ విడదీయడానికి ఆ వెనుక రాతలే ఆధారం. ముందువైపున్న రోగుల పేర్లూ జబ్బు పేర్లూ కొత్త పుస్తకంలోకి ఎక్కాయి కదా అని నేను అరలు ఖాళీ చేయించి, కార్డులన్నిటినీ కాగితపు మిల్లుకు పంపేశాను.

"దోన్ ఫాబియాన్, నా కార్డులేవి?"

"పాతవేగా దోన్యా. అంతా పుస్తకంలో ఉంది."

"వెనక్కి తిప్పి చూశారా?"

"లేదు."

"చెయ్యి పెట్టి చూడకుండా ఎప్పుడైనా ఉన్ని కొన్నారా మీరు?"

ఆ వారం శనివారం నుంచే ఆమె ఇంటింటికీ తిరిగి రోగులను మళ్లీ అడగసాగారు. బంగాళాదుంపలమ్మే సతుర్నీనా గడపలోనే నిలదీసిందట.

"అప్పుడే చెప్పాగా దోన్యా. పారేసుకున్నారా ఏంటి?"

"పారేసుకున్నామమ్మా. ఇంకోసారి చెప్పు."

ఎవుదోసియా గారు నా పేరు ఎత్తలేదు. బస్సులో ఊపిరాడక చచ్చిపోతానేమోనని సతుర్నీనా అప్పటికి పదేళ్లుగా సంతకు నడిచే వెళ్తోంది. సరైన పేరు దొరికాక సరైన చికిత్స అందింది. మరుసటి ఏడు బస్సెక్కింది. అందరికీ అలా జరగలేదు. కొందరు ఇళ్లు మారారు, కొందరు పోయారు, కొందరికి మళ్లీ చెప్పుకునే ఓపిక లేకపోయింది. వారంతా మా పుస్తకంలో పాత పేరు కిందే ఉండిపోయారు.

ఈ పదిహేడేళ్లలో ఎవుదోసియా గారు ఆ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ క్షమాపణ అడగలేదు. ఇప్పుడు, ఆమె పదవీ విరమణ రోజున, మీ అందరి ముందు, వారి కుటుంబం ముందు అడుగుతున్నాను.

ఇంకా కలవని నలభై ఒక్కమంది పేర్లను ఆమె ఇంటికి తీసుకువెళ్తున్నారు. వద్దన్నాం, వినలేదు. ఆ ఇళ్లలో చాలావరకు కొండవాలు వీధుల్లోనే ఉన్నాయి. ఎవుదోసియా గారికి నిండు ఆయుష్షునూ, నొప్పెరుగని మోకాళ్లనూ కోరుకుంటున్నాను. సగం పేర్లు నాకివ్వమని ప్రార్థిస్తున్నాను.