ఒరిగి గడ్డకట్టిన ఐస్‌క్రీమ్

దుకాణం వెనక గదిలో మామగారు, కొత్త కోడలు బడికి పంపాల్సిన ఐస్‌క్రీమ్ డబ్బాలు సర్దుతున్నారు.

"మామయ్యా, ఆగండి. ఇది చూడండి, ఒక పక్కకి ఒరిగి గడ్డకట్టింది."

"ఒరిగితే తీపి తగ్గుతుందా అమ్మా? మూత పెట్టెయ్."

"ఫ్రీజర్‌లో డబ్బా వాలుగా ఉంది. లోపలిది కరిగి నీళ్లయితేనే కదా, ఇలా పేరుకునేది! రాత్రి ఫ్రీజర్ ఆపేశారా?"

"రోజూ ఆపేదే. కరెంటు ఊరికే వస్తుందా? పొద్దున్నే వేశాను, మళ్లీ రాయిలా అయింది కదా!"

"రాయిలా అయితే లోపల పెరిగిన క్రిములు చచ్చిపోతాయా? తినేది ఒకటో తరగతి పిల్లలు! వాంతులతో మంచాన పడితే వాళ్ల అమ్మలకి కరెంటు సంగతి చెబుతారా?"

"పెళ్లి పందిరి ఇంకా విప్పనేలేదు, అప్పుడే నాకు పాఠాలా?"

"అవును, పాఠాలే! ఒక్క డబ్బా గుమ్మం దాటినా నేనే బడికి ఫోన్ చేస్తాను."

"అమ్మో, అంత పని చెయ్యకు! పారబోసేద్దాం. బడికి రేపు కొత్తది చేసి పంపుతాను, ఇకపై రాత్రిళ్లు ఆపను. ఈ సంగతి మీ అత్తయ్య చెవిన మాత్రం వెయ్యకు తల్లీ."

"అత్తయ్యే నన్ను పంపింది మామయ్యా. తను ఇన్నేళ్లుగా చెబుతున్నా వినలేదట. కోడలి ముందు సిగ్గుపడైనా వింటారని!"