నాగులు గారి పాఠాలు

టీ వద్దండీ రిజిస్ట్రారు గారూ. మీరు టీ తాగించి మరీ నెత్తిన మొట్టికాయ వేస్తారని ఈ యూనివర్సిటీలో అటెండర్ల దగ్గర్నుంచీ అందరికీ తెలుసు. "హెప్సిబా గారూ, పాఠాల వీడియోలన్నీ ఏమయ్యాయి?" అని సూటిగా అడగండి. సూటిగానే చెప్తాను.

అసలు నా ఉద్యోగం ఏంటండీ? లెక్చరర్లకి కెమెరా దగ్గరా కంప్యూటరు దగ్గరా సాయం చెయ్యడం. అంతేగా? మైకు తగిలించేటప్పుడు నన్ను నమ్మి మెడ వంచుతారండీ వాళ్ళు.

ఫిషరీస్ నాగులు గారు గుర్తున్నారుగా? గుర్తులేకేం, తీసేసింది మీరే కదా! కొల్లేటి గట్టున చేపలు పట్టే ఇంట్లో పుట్టి, డాక్టరేట్ చేసి, కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పుకుంటున్న మనిషి. క్లాసులో గలగలా మాట్లాడేవారు. కెమెరా పెడితే నోరు పెగిలేది కాదు. "చేపని గట్టు మీదేసి ఈదమన్నట్టుందమ్మా" అనేవారు.

నేనే బతిమాలాను. "క్లాసు తప్పిన పిల్లలు ఇంటి దగ్గర చూసుకుంటారు సార్, మీకు సాయంగా ఉంటుంది" అన్నాను. ఆ మాట ఎవరిది? మీదే! మీరు నాకు చెప్పారు, నేను ఆయనకి చెప్పాను. కెమెరా వెనక నిలబడి, "నాకే చెప్తున్నాననుకోండి సార్" అంటూ అన్ని పాఠాలూ తీయించాను. పట్నంలో, వన్ టౌన్‌లో పుట్టి పెరిగినదాన్ని, రొయ్యకి గుండె తలకాయలో ఉంటుందని ఆయన చెప్తేనే తెలిసింది నాకు.

తీరా సెలవులయ్యాక ఆయన్ని పిలిచి ఏమన్నారు మీరు? "వీడియోలున్నాయిగా, ఇక మీరు రానక్కర్లేదు." అన్నారా లేదా? పైగా నన్ను హాల్లోకెళ్ళి పిల్లలకి ఆయన వీడియో బొమ్మ వేసి రమ్మన్నారు.

వెళ్ళానండీ. అక్కడేం జరిగిందో మీకెవరూ చెప్పలేదు కదూ?

తెర మీద ఆయన, "నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు గట్టు పక్కకి చేరతాయి, నీళ్ళు మార్చుకోవాలి" అంటున్నారు. సాయిశ్రీ అని, ఆ క్లాసు పిల్లే, గబుక్కున లేచింది. పామర్రు దగ్గర వాళ్ళ నాన్నకి రొయ్యల చెరువుంది. "మేడమ్, మా చెరువులోనూ ఇదే! పొద్దున్నే నాన్న ఫోన్ చేశారు. నీళ్ళు మార్చెయ్యమని చెప్పేస్తా" అంటూ సెల్లు తీసింది.

చెప్పమనాలా, వద్దనాలా? నాకేం తెలుసండీ? బొమ్మేమో దాని పాటికది "అర్థమైందా?" అని నవ్వుతోంది.

ఎందుకో భయమేసింది. బొమ్మ ఆపేసి ఆయనకే ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. అంతా విని ఆయన అడిగిన మొదటి మాట, "అమ్మాయ్, రొయ్య పెంకు మీద తెల్ల మచ్చలేమైనా ఉన్నాయా?"

పిల్ల వాళ్ళ నాన్నని అడిగింది. ఉన్నాయన్నాడు.

"అయితే చుక్క నీళ్ళు బయటికి వదలొద్దని చెప్పు తల్లీ! అది జబ్బు. కాలవలో కలిసిందంటే కింద చెరువులన్నీ పోతాయి."

పాపం, ఆ పిల్ల వాళ్ళ పంట దక్కలేదండీ. చుట్టుపక్కలవాళ్ళవి దక్కాయి. వీడియో తప్పు చెప్పిందనట్లేదు సార్. మచ్చలున్నాయా అని అడగడం దానికి రాదుగా!

ఫోన్ పెట్టేసే ముందు ఆయన నాతో ఒక మాటన్నారు. "నా గొంతు అట్టేపెట్టుకుని నన్ను పంపించేశారు కదమ్మా." తిట్టినా బాగుండేది. ఏదో వాన పడేలా ఉందన్నట్టు మామూలుగా అన్నారు. ఆ పూట అన్నం సహించలేదు నాకు.

ఏంటీ? నాదీ కాంట్రాక్టు ఉద్యోగమేనా? తెలుసండీ. మా ఆయన ఫిలిప్పూ అదే అన్నాడు, పెద్దోళ్ళతో నీకెందుకే అని. ఎందుకంటే ఏం చెప్పను? వాళ్ళ మెడకి మైకు తగిలించిన చెయ్యి నాదయ్యె!

వీడియోలు చెరిపేశానని ఎవరు చెప్పారు మీకు? శుభ్రంగా ఉన్నాయి. లెక్చరర్లందరినీ ట్రైనింగని పిలిచి, ఎవరి పాఠాలు వాళ్ళకి అప్పజెప్పాను. నాగులు గారికీ కబురు పెట్టి, ఆయనవి ఆయనకిచ్చాను. ఎవరి తాళం వాళ్ళు ఎలా వేసుకోవాలో పక్కన కూర్చుని నేర్పాను. సాయం చెయ్యడమేగా నా డ్యూటీ? పాస్‌వర్డులు నన్నడగొద్దు. వాళ్ళు కొట్టేటప్పుడు మొహం అటు తిప్పుకున్నాను.

కావాలంటే వాళ్ళనే అడగండి. నాగులు గారు క్లాసులో అడుగుపెట్టాక తెరుస్తామంటున్నారు.

ఇదేంటండీ, ఈ కాగితం? ఓహో, సర్వరు పాడై వీడియోలు పోయాయని రాసి సంతకం పెట్టాలా? పెడితే నా ఉద్యోగం ఉంటుందా? నా మంచి కోరే చెప్తున్నారు, కాదన్ను.

కానీ సర్వరు భేషుగ్గా పనిచేస్తోందండీ. పని చెయ్యనంటున్నది నేను. అలా రాయించండి, ఇప్పుడే సంతకం పెడతాను.