పేరు లేని కాపీ

కోరుట్లలో మధుకర్ డీజే బాక్సులు పెట్టుకునే రేకుల షెడ్డు. మధ్యాహ్నం. లోపలి నుంచి గడియ వేసి ఉంది. సిరిసిల్లలో డీజే పాటల మిక్సింగ్ చేసే దేవదాస్‌ను స్పీకర్ వైరుతో కుర్చీకి కట్టేశాడు మధుకర్.

"మల్ల గదే మాట. గ్రూపుల అచ్చిందంటవు. ఏ గ్రూపుల?"

"యాదికి లేదు బావా. నోరంత నెత్తురు నిండింది, ఉమ్మనియ్యి."

"మింగు. నా బాక్సుల మీద ఉమ్మినవంటే గీ రాడ్డు నీ నెత్తిల దిగుతది."

"మింగిన. ఓ పన్ను గూడ లోపటికి వోయింది."

"దానికి తోడుకు ఇంకోటి పంపాల్నా?"

"వద్దు బావా."

"బావ అనకు. సిరిసిల్ల నా అత్తగారూరైతే ఊరూరంత నాకు బామ్మర్దులా? నువ్వు దొంగవు. నిన్న మేడిపల్లి బారాత్‌ల నీ నాన్‌స్టాప్ పెన్‌డ్రైవ్ పెట్టుమన్నరు పోరగాళ్లు. పెట్టిన. నడుమల నా పాట అచ్చింది. రోడ్డు మీద బొర్లి బొర్లి ఆడిండ్రు. గిది నాదేరా అన్న. 'నీదైతే దాన్ల నీ పేరేదన్నా' అని పండ్లికిలించిండ్రు. నా జనరేటరు, నా బాక్సులు, నా పాట. ఆడుకుంట నన్నే నవ్విండ్రు."

"అండ్ల ఇరవై మంది పాటలున్నయ్. ఎవ్వల పేరు లేదు. ఆడేటోనికి పేరెందుకు బావా? కాలు లేస్తే సాలు."

"నాకు ఇరవై మందితోని పని లేదు. నాది నా ఆల్బం. ఒక్కని ఆల్బం. పన్నెండు పాటలు, ఒక్కటే చెయ్యి. మొదటిది ఎత్తుకుంటే ఆఖరిదాంక తెగొద్దు, చీర నేసినట్టు. నువ్వు నడుమల పేలిక కోసుకపోయి బొంత కుట్టుకున్నవ్."

"చలికాలం చీర కప్పుకుంటమా, బొంత కప్పుకుంటమా... అబ్బా. చెవు మీద కొట్టకు బావా, చెవుతోనే బతికేది."

"మాట్లాడు ఇంక."

"కొట్టు గని ఉన్నది జెప్త. రెండు గంటల బారాత్‌ల ఒక్కనియే పన్నెండు వెడితే పెండ్లికారు డ్రైవరు గూడ నిద్రవోతడు. ఒక్కడు చేస్తే ఒక్క తీర్గనే ఉంటయ్. కలిపి కొడ్తేనే జనం లేస్తరు. నీ పన్నెండుల పదకొండు అన్నదమ్ముల లెక్కనే ఉంటయ్. నాలుగోదొక్కటే వేరే."

"ఏం వేరే?"

"దాన్ల సాంచెల సప్పుడుంటది. మరమగ్గం నడుస్తాంటే ఎట్లుంటది, గట్ల. మా వాడకట్టుల పుట్టినోనికే ఎరుక ఆ సప్పుడు. కోరుట్లల సాంచెలేడున్నయ్ బావా? ఎట్ల రికార్డు జేసినవ్?"

"నీకెందుకు?"

"నేర్సుకుందామని. మొదాలు ఒక్కటే సాంచె, తర్వాత షెడ్డు షెడ్డంత లేచినట్టు... ఎట్ల పట్టినవ్? ఫోన్‌తోనా?"

"అడుగుడు నాది. చెప్పుడు నీది."

"అవ్వో! మోకాలు! మోకాలు బావా!"

"ఇంకో చిప్ప గూడ ఉంది. ఇను. నా ప్రతి పాటల 'డీజే మధు కోరుట్లా' అని నా పేరు మోగుతది. పాటల కలిపి మోగుతది. కలిసినంక దాన్ని తీసుడు ఎవని తరం గాదు, పాలల్ల నీళ్లు తీసినట్టే. మరి నీ దాన్ల నాలుగోది పేరు లేకుంట ఎట్లున్నది? అంటే పేరు కలపక ముందటి కాపీ నీకు దొరికింది. ఎవడిచ్చిండు?"

"ఎవలో ఇచ్చిండ్రు."

"ఇప్పటిదాంక గ్రూపన్నవ్."

"గ్రూపులనే ఎవలో."

"నా దగ్గర పని జేసే సాయికుమార్ గాడా?"

"గాయన గాదు. పాపం, ఆయన్నేమనకు."

"గాయన గాదని తెలుసు. అంటే ఎవలో గూడ తెలుసు."

"నాకెవ్వలు తెల్వదు బావా."

"చెయ్యి ఇటు పెట్టు. మౌస్ పట్టేది గీ చెయ్యేనా?"

"ఏందయ్యా, కట్టుకున్న పెండ్లాన్ని బయట నిలవెట్టి తలుపెందుకు ఏసుకున్నవ్?"

"సప్పుడు జెయ్యకురా. ఏం లేదు వనితా, బాక్సు రిపేర్ చేస్తున్న."

"బాక్సు అవ్వో అంటాంది?"

"మైకు టెస్టింగ్."

"మస్తు క్లియర్‌గ అత్తాంది. ఎవల గొంతది?"

"ఇంట్లకు పో అన్ననా?"

"గడియ తియ్యవా?"

"తియ్య."

"సరె. ఊకె ఈడ నిలవడి ఏం జెయ్య, నా పని నేను జూసుకుంట."

"...పోయింది. ఆడిది లేనప్పుడు ఓ మాట జెప్త దేవదాసు. పేరు చెప్తివా, ఇక్కడ్నే బస్సెక్కిస్త. చెప్పకపోతివా, ఒక్కొక్క ఏలు. చిటికెనేలుతోని సురువు."

"బావా, నన్ను సంపు గని గది అడగకు."

"గంత పానమా వాడంటే?"

"వాడు గాదు. ఎవలు గాదు. నేనే ఎత్తుకచ్చిన. నీ లాప్‌టాప్‌ల నుంచి దొంగతనం జేసిన. రాసుకో."

"నా లాప్‌టాప్ ఏ రంగు?"

"...నల్లది."

"దాని మీద మా బిడ్డ స్టిక్కర్లు పెట్టి ఆరు నెల్లాయె. రంగే కనవడది. పట్టు ఊపిరి."

"బావా, బావా, బావా... ఆ... అమ్మా..."

"అరువకు. ఇంకా నాలుగున్నయ్."

"టీ తెచ్చిన. గడియ తియ్యి."

"వద్దు. తీస్కపో."

"తియ్యకుంటే మా అత్తను పిలుస్త. భూమవ్వత్త ఆకిట్లనే ఉంది, పసుపు కొమ్ములారవోస్తాంది. మైకు తనే టెస్టింగ్ జేస్తది."

"అవ్వనెందుకు నడుమల... ఆగు. తీస్తున్న. కొంచెమే తీస్త, గ్లాసిచ్చి పో."

"జరుగు. ...ఓ. మైకు గిదా."

"అక్కా, నువ్వు లోపటికి పో. నాకేం గాలే. నువ్వేం మాట్లాడకు."

"దేవదాసు తమ్మీ, నీ చిటికెనేలు ఎనుకకు జూస్తాందేంది?"

"ఇరిగింది."

"ఇరిగిందా, ఇరిచిండా?"

"వనితా, గిది మొగోళ్ల ముచ్చట. వీడు నా పాట దొంగతనం జేసిండు. వీనికి ఇంట్లోడో బయటోడో ఎవడో అందించిండు. వాని పేరొక్కటి చెప్తే ఇడుస్త. ఉంగరమేలు గూడ ఇరిస్తే చెప్తడు."

"చెప్పడు. మా సిరిసిల్లోళ్లు మొండోళ్లు. మీ ఇంట్ల పదేండ్ల సంది నన్ను జూస్తలేవా? ఆ రాడ్డు పక్కకు పెట్టి టీ తాగు."

"నాకద్దు టీ."

"మరి రాడ్డైన పక్కకు పెట్టు. తమ్మీ, చెయ్యి కదలనియ్యకు, కత్తెర తెచ్చిన. వైరు కోస్త."

"ఏయ్, కోస్తివంటే మర్యాద దక్కది."

"గిన్ని రోజులు దక్కిందా?"

"కత్తెర పారెయ్. వీని మీద గంత పావురమెందుకే నీకు? ఏమైతడు వీడు?"

"ఏం గాడు. అమ్మగారింటికాడ మూడిండ్ల అవతలోడు. గిప్పుడు ఏలు ఇరగ్గొట్టుకున్నోడు. అదేందో మొగడు గూడ నా కోసం చిటికెనేలు ఎన్నడు ఇరగ్గొట్టుకోలే."

"అక్కా, వద్దక్కా. బావా, నాకు గుర్తుకచ్చింది, గ్రూపు పేరు గుర్తుకచ్చింది, చెప్త..."

"ఊకో తమ్మీ. నీకు అబద్ధం చెప్పరాదు. నేనే ఇచ్చిన."

"ఏం ఇచ్చినవ్?"

"నాలుగో పాట. పోయిన పండుగకు అమ్మగారింటికి పోయినప్పుడు నేనే చేతికిచ్చిన. వీడే భయపడ్డడు, 'బావకు తెలుస్తే ఎట్లక్కా' అన్నడు. ఎట్లనో ఇప్పుడు సూసిండు."

"నీ... మొగని పాట బయటోనికిస్తవా?"

"రాడ్డు లేపినవా? కొట్టు. కొట్టే ముందు వీనికొక్క ముచ్చట చెప్పు, పాపం ఇందాక అడుగుతాంటే బయటికి ఇనవడ్డది. ఆ సాంచెల సప్పుడు ఎవలు పట్టిండ్రు?"

"నా ఆల్బంల ఉన్నది నాదే."

"మా అవ్వ శంకరవ్వ సాంచెలు బంద్ వెడ్తున్న రోజు నేను పోయి పట్టిన సప్పుడది. మీరంత పండుకున్నంక, చెవుల ఇయర్‌ఫోన్ పెట్టుకోని నెల రోజులు ఆ పాట చేసిన. ఇదిగో చూడయ్య అని నీకినిపిస్తే మెచ్చుకున్నవ్. పొద్దుగాల లేచి సూస్తే దాన్ల నీ పేరు అరుస్తాంది."

"అక్కా... గదెందుకు చెప్పలే నాకు? నేను బావ పాటనే ఇచ్చినవనుకున్న."

"నా పేరు పెట్టుమంటె, ఆడిదాని పేరుతోని డీజే పాట ఎవడు కొడ్తడే అన్నడు మీ బావ. నిజమే గావచ్చు. అందుకే నీ బొంతల కుట్టుమన్న. ఇరవై మందిల ఒకదాన్ని, ఎవలం ఎవలమో తెల్వదు. నా పేరు లేకున్న మానె, ఆయన పేరు లేకుంటె సాలనిపించింది."

"వనితా, ఇది వీని ముందట మాట్లాడే ముచ్చట గాదు. ఇంట్ల మాట్లాడుకుందాం. నేనేమన్న పరాయోన్నా? నీదైతేంది, నాదైతేంది, ఒక్కింటిదే గదా."

"మరి వీని ఏలు ఎందుకిరిచినవ్? లే తమ్మీ. మోకాలు మీద బరువెయ్యకు, నా భుజం పట్టుకో. దవాఖానకు పోదాం. ఆటో ఉన్నది గేటుకాడ, ఇందాకనే పిలిసిన."

"ఆగవే. రాత్రికి ఇబ్రహీంపట్నం బారాత్ ఉంది. నాలుగోదే కావాల్నన్నరు వాళ్లు. అచ్చినంక మాట్లాడుకుందాం, నీ పేరు గూడ పెడ్దాం, సరేనా?"

"లేదయ్యా. గడియ తియ్యకపోతివి గదా, ఊకెందుకని పోయి నీ లాప్‌టాప్‌ల నుంచి, పెన్‌డ్రైవ్‌ల నుంచి నాలుగోది తీసేసిన. ఇగ నీ ఆల్బం మొత్తం నీ ఒక్కనిదే, కొట్టుకో."