టూటీ ఫ్రూటీ వాన

బెన్హర్ నోటికి తాళం వేసిన మొనగాడు వాకాడు మండలంలో ఇంతవరకూ పుట్టలేదు. పాస్టరు గారు ఓసారి ప్రయత్నించి, చివరికి తన ప్రసంగం తనే ఆపుకుని అతని కథ వింటూ కూర్చున్నారని జనం చెప్పుకుంటారు. అలా చెప్పుకునేవాళ్ళలో మొదటివాడు బెన్హరే అనుకోండి, అది వేరే సంగతి.

అతని వ్యాపారం కేకుల మీద చల్లేవి, బన్నుల్లో కలిపేవి. చెర్రీలు, రంగురంగుల చక్కెర గుళికలు, సన్న తుంపుల్లా ఉండే చాక్లెట్ సేమ్యా బయటినుంచి తెచ్చి బేకరీలకు వేస్తాడు. టూటీ ఫ్రూటీ మాత్రం సొంతం. పచ్చి బొప్పాయిలు తెచ్చి, భార్య జయశీలా, తనూ కూర్చుని చిన్న ముక్కలు కోసి, పాకంలో ఉడికించి, రంగులు పట్టించి ఆరబెడతారు. ఒకప్పుడు కోట ఊరి నుంచి నాయుడుపేట దాకా ఏ బన్ను విరిచినా లోపల బెన్హర్ బొప్పాయే కనబడేది. ఇప్పుడు ఆ అంగళ్ళు ఒక్కొక్కటే చెన్నై కంపెనీ వైపు తిరిగిపోయాయి. మిగిలిన పెద్ద అంగడి ఒక్కటే, లిల్లీ నడిపే షారన్ బేకరీ.

ఆ ఒక్కదాని మీదా ఆ రోజు కత్తి వేలాడుతోంది. క్రిస్మస్ కేకులకు సరుకు చెప్పే రోజులు. పొద్దున్నే చెన్నై కంపెనీ కుర్రాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, టాబు తెరిచి లిల్లీకి అమ్మకాల గీతలు చూపించాడు. పిస్తా పలుకులు, ఎండు స్ట్రాబెర్రీ పొడి, వేయించిన గుమ్మడి గింజలు, ఉప్పు కలిపిన క్యారమెల్ బిళ్ళలు, ఇవన్నీ పైకి పోతున్న గీతలు. నేల చూపులు చూస్తున్న గీత టూటీ ఫ్రూటీది. "సాయంత్రం ఫోన్లో చెప్తా" అని లిల్లీ అతన్ని పంపించేసింది. బెన్హర్ అదంతా టీ గ్లాసు పట్టుకుని విన్నాడు. విని, బేకరీ ముందు బెంచీ మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నం నుంచి ముసురు. సాయంత్రానికి బెంచీ మీద ఇంకో ఇద్దరు చేరారు. ఒకరు రెండు పంటలు వరి పండించే జయరామయ్య. వాన తగ్గితే ఇంటికి పోదామని ఆగిన పెద్దమనిషి. రెండోవాడు రొయ్యల గుంటలున్న కిషోర్ బాబు. ఇద్దరు దొరికితే బెన్హర్‌కి సభ నిండినట్టే.

"ట్రెండంట, ట్రెండు!" అని ఎత్తుకున్నాడు. కళ్ళు కిషోర్ మీద ఉన్నాయి గానీ గొంతు లోపల గల్లాపెట్టె దగ్గరున్న లిల్లీకి వినబడేట్టుగానే ఉంది. "టాబులో నాలుగు గీతలు గీస్తే ట్రెండు అయిపోతాదా అబ్బయ్యా? ట్రెండు మద్రాసులో పుట్టదు. ఈడ పుడతాది, మన వాకాడులో. ఈడ పుట్టి, బస్సెక్కి మద్రాసు పోతాది. ఆడ చొక్కా మార్చుకోని, ఇంగిలీసు పేరు పెట్టుకోని మళ్ళీ మన దగ్గరికే వొస్తాది. మనం నోరు తెరుచుకోని చూస్తాం."

"ఈడ ఏం పుట్టిందబ్బయ్యా?" అన్నాడు జయరామయ్య, కండువాతో తల తుడుచుకుంటూ.

"ఏం పుట్టిందా? క్రీము బన్ను మీద చాక్లెట్ సేమ్యా చల్లింది ఈ కోస్తాలో మొట్టమొదట ఎవురనుకుంటుండావు పెద్దాయనా? ఈ చేతులే. అంతకు ముందు క్రీము బన్నంటే బోడి తలే కదా. నేను చల్లినా. పిలకాయలు ఎగబడినారు. అంతే, నేను గొప్పలు చెప్పుకోను."

అది నిజం కూడా కావచ్చు. అక్కడ ఆగి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కానీ లోపల లిల్లీ ఫోను తీసింది. బెన్హర్ గొంతు ఇంకా పెరిగింది.

"అసలు సంగతి ఆ తర్వాత ఉండాది. ఒకసారి ఏమైందో తెలుసునా? ఇట్టాగే ముసురు. ఆటోలో నా చాక్లెట్ సేమ్యా మూట, దాని పక్కనే రొయ్యల మేత మూట. రెండూ ఒకే రంగు, ఒకే సైజు. కిషోరూ, నీకు తెలుసు కదా, మేత గుళికలు ఎట్టుంటాయో?"

"అచ్చం సేమ్యా తుంపినట్టే ఉంటాయన్నా" అని ఒప్పుకున్నాడు కిషోర్ బాబు.

"అదీ! ఆటో వాడికి ఏం తెలుసు పాపం. మేత మూట తీసకపోయి బేకరీలో దించినాడు, నా మూట గుంట గట్టున పడేసినాడు. బేకరీలో మాస్టరు చూసుకోకుండా పేస్ట్రీల మీద మేత చల్లేసినాడు."

"ఏ బేకరీ అన్నా?" లోపలినుంచి లిల్లీ అడిగింది.

"నీది కాదులేమ్మా. అది ఇప్పుడు లేదు, ఎత్తేసినారు."

"ఎత్తెయ్యరా మరి!" అన్నాడు జయరామయ్య.

"అయ్యో, అందుకు కాదు పెద్దాయనా, వ్యాపారం పట్టలేక ఎత్తేసినారు! మర్రోజు పొద్దున తలుపు తియ్యక ముందే జనం. తియ్యగా ఉండాది, ఎనకాల్నే ఉప్పగా తగులుతాది, ఆ చాక్లెట్టు ఏదయ్యా, అదే కావాలని. ఈ పొద్దు ఆ పిలకాయ ఉప్పు క్యారమెల్ అని గీత చూపించినాడే, అది యాడ పుట్టిందనుకుంటుండారు? ఆ ఆటోలో పుట్టింది! నేను ఆ పొద్దే పేటెంటు తీసుకోని ఉంటే..." అని చెయ్యి ఊపి, ఆ సంపదంతా వానలోకి విసిరేశాడు.

కిషోర్ బాబు నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. లిల్లీ కూడా నవ్వింది. కానీ నవ్వుతూనే వేలితో ఫోను తెర పైకి జరుపుతోంది. ఆ కంపెనీ వాడు పంపిన బొమ్మలే చూస్తోంది, ఇంకేముంది. బెన్హర్‌కి ఇంటి దగ్గర పాకంలో ఊరుతున్న ముక్కలు కళ్ళ ముందు కదిలాయి. పొద్దున జయశీల బొప్పాయిలు కోస్తూ, "లిల్లీ సరుకు చెప్పిందా?" అని అడిగింది. "చెప్పక ఎక్కడికి పోతాది" అని వచ్చేశాడు. ఇప్పుడు ఉత్త చేతులతో పోయి ఆ మనిషికి ఏం చెప్పాలి? చెప్పడానికి ఏమీ లేనప్పుడు బెన్హర్‌కి తెలిసిన దారి ఒక్కటే. ఇంకొంచెం ఎక్కువ చెప్పడం.

"మరి గుంటలో పడిన చాక్లెట్ సంగతి అడగరేందబ్బా? రొయ్యలు తినినాయి. తిని, ఇంక మేత ముట్టుకోమన్నాయి. నా ఆటో హారన్ వినబడితే చాలు, గుంటలో రొయ్యలన్నీ గట్టు దాకా వొచ్చి మీసాలు ఊపేటివి. వల అక్కర్లేదు, తట్ట పెడితే ఎక్కి కూర్చునేటివి."

"అన్నా, నా రొయ్యలు నాకే చెప్తుండావా!"

"నీవి కాదబ్బయ్యా, నీకు ముందు కాలం రొయ్యలు. వాటికి రోషం ఎక్కువ. ఇంక ఊరుకుంటానా నేను? టూటీ ఫ్రూటీ వేసినా. వారం తిరక్కముందే ఒక్కొక్కటి మూరెడు. ఒంటి మీద ఎరుపు చార, పసుపు చార, ఆకుపచ్చ చార. కొనేదానికి వొచ్చినోళ్ళు నోట మాట రాక, వండబుద్ధి గాక, పుట్టినరోజు కేకు మీద అలంకారంగా పెట్టుకున్నారు. కేకు కోసేలోపల రొయ్య లేచి కొవ్వొత్తి ఊదిందంట."

"ఊదింది సరే," అన్నాడు జయరామయ్య తాపీగా, "పాట కూడా పాడిందా?"

"పాడలేదు. అబద్ధం చెప్పకూడదు."

బెంచీ మొత్తం ఊగిపోయింది. బన్ను కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు గొడుగులు ముడిచి అక్కడే నిలబడిపోయారు. బెన్హర్‌కి ఊపిరి వచ్చింది. ఓరగా చూశాడు. లిల్లీ ఫోను బల్ల మీద పెట్టింది. హమ్మయ్య అనుకునేలోపల అది మోగింది. లిల్లీ చూసి, "కంపెనీ వాళ్ళే" అని గొణిగింది. తియ్యలేదు. కట్ కూడా చెయ్యలేదు. అది మోగినంతసేపూ మోగింది.

ఇంక బెన్హర్ నేల మీద ఉండి లాభం లేదనుకున్నాడేమో, ఏకంగా ఆకాశానికే ఎక్కాడు.

"నాకూ ఇట్టాగే ఒక ఫోను వొచ్చింది. యాడ నించి? శ్రీహరికోట నించి! బెన్హర్ గారూ, పైన ఆకాశంలో కేకు తిందామంటే దాని మీద చల్లింది ఏదీ నిలవడం లేదండీ, గింజలు ఒకపక్క, పిస్తా ఒకపక్క గాల్లో ఈదతా పోతుండాయి, మీరే దిక్కు అన్నారు. విన్నావామ్మా లిల్లీ? పిస్తా నిలవలా! గుమ్మడి గింజ నిలవలా! మరి నిలిచిందేంది? నా బొప్పాయి. జయశీల పట్టిన పాకం. తలకిందులు పెట్టినా కేకుని వొదల్లేదు. సరే, మూటలు రాకెట్లో ఎక్కించినాం. ఎక్కించేటప్పుడు నేనేం జేసినానో తెలుసునా? ఒక మూట ముడి కొంచెం వొదులుగా కట్టినా. కావాలనే. అంతా పైనోళ్ళే తింటే కిందోళ్ళ సంగతేంది?"

"అదీ ధర్మమే" అన్నాడు జయరామయ్య.

"రాకెట్టు లేచింది. మబ్బు దాటింది. ముడి ఊడింది. అంతే! ఈడ నించి పులికాట్ సరస్సు దాకా టూటీ ఫ్రూటీ వాన! ఎర్రది, పచ్చది, పసుపుది, తపతప తపతప. జనం గొడుగులు తిరగేసి పట్టుకున్నారు. బేకరీలోళ్ళు మైదా కలిపి ఆరుబయట పెట్టేసినారు, పనిలో పనిగా అదే కలుస్తాదిలే అని. పులికాట్‌లో ఫ్లెమింగోలు ఉండాయే, తెల్లటి కొంగల మాదిరి ఉండేటివి. ఆ పొద్దు ఎర్ర ముక్కలు ఏరుకోని తినినాయి. అప్పుట్నించే ఆ రంగు!"

"అబ్బయ్యా, మా తాత చూసినప్పుడు కూడా అవి ఎర్రగానే ఉండినాయే!"

"ఇంత ఎర్రగా ఉండినాయా? గుండె మీద చెయ్యేసుకోని చెప్పు పెద్దాయనా."

జయరామయ్య నిజంగానే గుండె మీద చెయ్యి వేసుకుని ఆలోచనలో పడ్డాడు. గొడుగుల ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. బెన్హర్ లేచి నిలబడ్డాడు. అతని ముఖంలో మాత్రం నవ్వు లేదు. పొద్దుటి నుంచి దాచుకున్న మంట అంతా గొంతులోకి వచ్చేసింది.

"అప్పుట్నించి ఏంది? లండన్లో కేకు మీద ఏం చల్లాలి? ప్యారిస్సులో బన్నులో ఏం కలపాలి? అందరూ వాకాడుకు ఫోను చెయ్యాల్సిందే! బెన్హర్ ఏమన్నాడు, బెన్హర్ ఏమన్నాడు అని ఆడ మీటింగులు ఆపుకోని కూర్చుంటారు. నేను ఎరుపు అంటే లోకమంతా ఎరుపు, నేను పసుపు అంటే పసుపు. నా గీత కిందికి పోతుండాదంట! ఒరే, గీత గీసిందే నేను! మార్కెట్టంటే ఏంది? ఈ చేయి ఎటు చల్లితే అదీ మార్కెట్టు!"

లిల్లీ గల్లాపెట్టె వదిలి బయటికి వచ్చింది. ఫోను చేతిలోనే ఉంది. ఆమె ముఖంలో వెక్కిరింపు లేదు. అదే బెన్హర్‌ని ఎక్కువ భయపెట్టింది.

"అన్నా, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోవద్దు. లోకమంతా నీ ఫోను కోసం కాచుకోని ఉంటే, నువ్వు పొద్దున్నించి నా బెంచీ మీద కూర్చోని నా ఫోను పక్క ఎందుకు చూస్తుండావు?"

కిషోర్ బాబుకి నవ్వు వచ్చినట్టే వచ్చి గొంతులో ఆగిపోయింది. జయరామయ్య తల దించుకున్నాడు. అప్పటిదాకా వాళ్ళు కథ వింటున్నారు, ఇప్పుడు ఒక మనిషిని చూస్తున్నారు. బెన్హర్‌కి ఒళ్ళంతా సిగ్గు ముంచుకొచ్చింది. దానికి రాకెట్టు జవాబు కాదు, రొయ్యలు జవాబు కావు. వెళ్ళిపోతాడనే అందరూ అనుకున్నారు. లేచినవాడు మళ్ళీ బెంచీ మీద బరువుగా కూర్చున్నాడు.

"చూస్తుండానమ్మా. ఎందుకు దాచాలి? చూస్తానే ఉండా. రేపు కూడా వొచ్చి కూర్చుంటా. ఎల్లుండీ కూర్చుంటా. పండగ ముందు సరుకు తక్కువైతే అర్ధరాత్రి అయినా నా తలుపు కొడతావు, నేనూ జయశీలా లేచి మూట నెత్తిన పెట్టుకోని వొస్తాం. ఆ పిలకాయకి నువ్వే ఫోను చేసి అడుగు. రేపు వొచ్చి ఈ బెంచీ మీద కూర్చుంటాడేమో అడుగు."

ఫోను మళ్ళీ మోగింది. లిల్లీ దాన్ని కట్ చేసి కొంగుతో తుడిచింది, తడి అయినట్టు.

"ఈసారి ఎర్ర ముక్కలు ఎక్కువ పెట్టన్నా" అంది. "ఆకుపచ్చవి పిలకాయలు తినడం లేదు."