ఎడమకాలి మీద బరువు

హైదరాబాద్ రాయదుర్గంలో ఒక ఆసుపత్రి, ఫిజియోథెరపీ గది. పక్షవాతం నుంచి కోలుకుంటున్న పట్టాభిరామయ్య రెండు కమ్మీల మధ్య నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఫిజియోథెరపిస్టు తేజస్విని, పక్కన భార్య అనసూయమ్మ.

“మళ్ళ కుడిదిక్కే ఒరుగుతున్నరు అంకుల్. జర ఎడమకాలు మీద గూడ బరువెయ్యుండ్రి.”

“వెయ్యనమ్మా.”

“నొస్తున్నదా?”

“నాకెందుకు నొప్పి? ఆ కాలు నాది కాదుగా.”

“గట్లంటరేంది! మీది కాకపోతే ఎవరిది?”

“మెల్లగా మాట్లాడు. మా ఓంకార్‌ది. ఇప్పుడే పడుకున్నాడు.”

“ఏమండీ, మంచినీళ్ళు తాగుతారా?”

“ఒక్క నిమిషం ఆంటీ. స్ట్రోక్ వచ్చినంక కొందరికి గిట్లయితది, తమ కాలు తమదే అనిపించదు. ఫికర్ చెయ్యకుండ్రి. ఓంకార్ ఎవరు?”

“మా అబ్బాయమ్మా. ఏమండీ, నీళ్ళు—”

“మరి ఆయన్ని పిలవరాదుండ్రి? కొడుకు చెప్తే వింటరు. ఇయ్యాల కమ్మీ పట్టకుండ నిలబడితేనే ఇంటికి పంపిస్తరు, చెప్తున్న.”

“చెవిలో చెప్తాను, ఇటు వంగమ్మా. వాడు... లేడు. రెండేళ్ళయింది.”

“అయ్యో.”

“ఆ రోజు నైట్ షిఫ్ట్ నుంచొచ్చి పడుకున్నాడు. నేను కాఫీ తీసుకెళ్తుంటే ఈయనే ఆపారు. లేపకు, ఇప్పుడే పడుకున్నాడు అని. మధ్యాహ్నం నేను వెళ్ళి చూస్తే... గుండె అన్నారు. ఆనాటి నుంచి వాడి పేరెత్తలేదమ్మా. నేనెత్తితే లేచి వెళ్ళిపోయేవారు. ఈ జబ్బు వచ్చాకే మళ్ళీ...”

“ఏమిటా గుసగుసలు? లేస్తాడు వాడు.”

“కానీ ఆంటీ, కాలు ఆయనదేనని చెప్పాలె గదా.”

“ఇప్పుడే చెప్పకమ్మా. నేను లేపుతానుండు. ఓంకార్... లే నాన్నా. చాలాసేపయింది.”

“అనసూయా, వద్దే.”

“లే నాన్నా. నాన్నగారు నిలబడాలి.”

“వద్దంటుంటే—”

“లే.”

“ఆంటీ! ఎడమదిక్కు వస్తున్నరు, బరువు దిగుతున్నది! అంకుల్, కమ్మీ వదిలిపెట్టుండ్రి. నేను పక్కనే ఉన్న. కండ్లు మూసుకోండ్రి... శాబాష్! అస్సలు ఊగుతలేరు!”

“వాడు మోస్తున్నాడు అనసూయా.”

“అవునండీ.”

“ఎవ్వరు మోస్తలేరు అంకుల్, మీరే నిలబడ్డరు! మీ రెండు కాళ్ళ మీద!”

“ఇప్పుడే చెప్పొద్దన్నానామ్మా—”

“రెండూ నావేనా?”

“మీవే. కండ్లు తెరిచి చూడుండ్రి.”

“...అవును. నావే.”

“ఏమండీ...”

“మరి వాడేడీ, అనసూయా?”